ప్రొద్దుటూరుకు ఇరవై ఏళ్ళు.. పులివెందులకు ఎన్నేళ్ళు?

పెండ్లిమర్రి వద్దే నిలిచిన కడప-బెంగళూరు రైలు మార్గం
దారి మార్పు ప్రతిపాదనతో రెండు ప్రాంతాలకూ నిరాశ

ప్రొద్దుటూరు: ఎర్రగుంట్ల-నంద్యాల రైలు మార్గం 1996-97లో మంజూరైంది. ఆ ఏడాది ప్రొద్దుటూరులో పుట్టిన బిడ్డ డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చేనాటికి, 2016 ఆగస్టు 23న, ఆ మార్గం ప్రారంభమైంది. దాని తరువాత మంజూరైన కడప-బెంగళూరు మార్గం పరిస్థితి మరింత దయనీయం. 2008-09లో అనుమతి పొందిన ఈ మార్గం పొడవు సుమారు 255 కిలోమీటర్లు. అందులో పూర్తయినది కడప నుంచి పెండ్లిమర్రి వరకు ఇరవై ఒక్క కిలోమీటర్లు మాత్రమే. అంటే పన్నెండో వంతు. మిగిలిన పదకొండు వంతులు ఏ దారిన వెళ్ళాలన్న విషయమే తేలక పని ఆగిపోయింది.

రైలు ఆలస్యమైతే జనం విసుక్కుని ఊరుకుంటారు. రైలు మార్గమే ఆలస్యమైతే ఒక తరం బతుకు వేరే దారి పడుతుంది. వ్యాపారులు లారీలను నమ్ముకుంటారు, చదువుకునే పిల్లలు రాత్రి బస్సులకు అలవాటు పడతారు. చివరకు రైలు వచ్చినా దాన్ని పట్టించుకునేవారు తగ్గిపోతారు. బండ్లు ఖాళీగా తిరుగుతున్నాయని రైల్వే అధికారులు లెక్క చూపడానికి అదే సాకవుతుంది. జిల్లా ప్రజల అసంతృప్తికి మూలం కేవలం జాప్యం కాదు. ఏ దారి ఎందుకు ఎంచుకున్నారో, ఎప్పుడు ఎందుకు మార్చారో ప్రజలకు ముఖాముఖి చెప్పే ఆనవాయితీ లేకపోవడమే ఆ అసంతృప్తిని ఆగ్రహంగా మారుస్తోంది.

పెన్నకు ఆవలి ఒడ్డు

జిల్లాకు రైలు కొత్త కాదు. మద్రాసు, బొంబాయి వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు వద్ద కలిసిన నాటినుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా బండ్లు నడుస్తూనే ఉన్నాయి. ఆ మార్గం పెన్నకు దక్షిణంగా సాగిపోయింది. బంగారం, బట్టల వ్యాపారానికి రాయలసీమ అంతటా పేరుబడ్డ ప్రొద్దుటూరు ఉత్తరపు ఒడ్డున ఉండిపోయింది. జమ్మలమడుగుదీ అదే స్థితి. రైలెక్కాలంటే ఏటిని దాటి ప్రొద్దుటూరు వారు ఎర్రగుంట్లకు, జమ్మలమడుగు వారు ముద్దనూరుకో ఎర్రగుంట్లకో పోవలసి వచ్చేది. ప్రొద్దుటూరులో పురపాలక సంఘం 1915లోనే ఏర్పడింది. పురపాలక సంఘం శతాబ్ది దాటిన మరుసటి ఏడాది గాని ఆ పట్టణానికి సొంత రైలు రాలేదు.

పులివెందులకు ఆ ఏటి అడ్డం కూడా లేదు. ప్రధాన మార్గం మీది ముద్దనూరు స్టేషను అటు ఉత్తరాన, పాకాల-ధర్మవరం మార్గం మీది కదిరి, ముదిగుబ్బ స్టేషన్లు ఇటు నైరుతి దిక్కున ఉన్నాయి. మధ్యలో పులివెందుల. చుట్టూ రైళ్ళు తిరుగుతున్నా ఊళ్ళోకి పట్టా రాలేదు. ఇద్దరు ముఖ్యమంత్రులను రాష్ట్రానికి ఇచ్చిన నియోజకవర్గ కేంద్రంలో నేటికీ రైల్వే స్టేషను లేదంటే బయటి జిల్లాల వారు నమ్మరు.

సొరంగానికి పట్టే కాలం, నేల మీద పట్టే కాలం

రైలు పని అంటేనే జాప్యమన్న మాట ఒకటి ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. దేశంలో తొలి భూగర్భ రైలుకు కలకత్తాలో 1972 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. జనసమ్మర్దమైన నగరం నడిబొడ్డున వీధులు తవ్వి, నీటి గొట్టాలు, మురుగు కాలువలు తప్పించి, మెత్తని ఒండ్రు నేలలో పని సాగించవలసి వచ్చింది. 1984 అక్టోబరు 24న మూడున్నర కిలోమీటర్ల లోపు తునక మీద మొదటి బండి నడిచింది. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ వరకు మార్గమంతా పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. ఇరవై మూడేళ్ళు. కలకత్తా వాసులు ఆ కాలమంతా గుంతల నడుమ నడిచారు.

ఎర్రగుంట్ల-నంద్యాల మధ్య ఏ నగరమూ లేదు. వీధులు తవ్వే పని లేదు. పెన్న మీద వంతెన, నల్లరేగడి నేల తప్ప పెద్ద అవరోధాలు లేవు. అయినా సుమారు 123 కిలోమీటర్లకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఏడాదికి ఆరు కిలోమీటర్లు! ఎద్దుల బండి ఒక్క పూటలో నడిచే దూరం.

ఇక పక్కనే ఉన్న మరో ఉదాహరణ చూస్తే ప్రజల ఆగ్రహానికి కారణం తేటతెల్లమవుతుంది. ఓబులవారిపల్లె-కృష్ణపట్నం మార్గంలో చెర్లోపల్లి, రాపూరుల మధ్య వెలికొండలను తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం నిర్మించారు. దాన్ని అప్పటి ఉప రాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు 2019 సెప్టెంబరు 1న జాతికి అంకితం చేశారు. కొండను చీల్చుకుని వెళ్ళిన ఆ సొరంగం పని 43 నెలల్లో ముగిసింది. అదే రైల్వే శాఖ, అదే ఇంజనీరింగ్ విద్య, దాదాపు అవే కొండలు. తేడా ఒక్కటే. కృష్ణపట్నం రేవు నుంచి సరుకు రవాణా జరగాలి. సరుకు ఆదాయం కళ్ళముందు కనిపించింది కనుక డబ్బు వచ్చింది, డబ్బు వచ్చింది కనుక కొండ కరిగింది. ఆ మార్గం కూడా కాగితం మీద చాలా ఏళ్ళే ఉందన్నది వేరే విషయం. పని పట్టాలకెక్కాక మాత్రం ఆగలేదు.

కనుక జాప్యానికి సాంకేతిక కారణాలు చూపితే జిల్లా ప్రజలు ఒప్పుకునే స్థితిలో లేరు.

మంజూరు అంటే ఏమిటి?

సామాన్యులకు రైల్వే పరిభాషలో 'మంజూరు' అన్న మాట పెద్ద భ్రమ కలిగిస్తుంది. బడ్జెట్‌లో మార్గం పేరు కనిపిస్తే ఊళ్ళో టపాసులు పేలుతాయి. నిజానికి పేరు కనిపించడం మొదటి మెట్టు మాత్రమే. పింక్ బుక్‌గా పిలిచే పనుల పట్టికలో ఆ పేరు పక్కన ఆ ఏటికి ఎంత కేటాయించారన్నదే అసలు సంగతి. పేరు జాబితాలోంచి పోకుండా నిలబెట్టడానికి మాత్రమే సరిపోయే నామమాత్రపు మొత్తాలతో ఏళ్ళు గడిచిపోయిన మార్గాలు దేశమంతటా ఉన్నాయి. 2016 వరకు రైల్వేకు ప్రత్యేక బడ్జెట్ ఉండేది. అది వచ్చిన ప్రతి ఫిబ్రవరిలో పత్రికలు జిల్లాకు ఎంత దక్కిందో రాసేవి. 2017 నుంచి అది సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయాక ఆ లెక్క వెతుక్కోవడమే సామాన్యుడికి కష్టమైంది.

ఎర్రగుంట్ల-నంద్యాల విషయంలో జరిగింది ఇదే. నంద్యాల నుంచి 1991లో లోక్‌సభకు ఎన్నికైన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలం ముగిసిన ఏడాదే ఆ మార్గం మంజూరైంది. ఢిల్లీలో అండ తగ్గిన వేళ పుట్టిన మార్గం కనుక దాని నడక కూడా అలాగే సాగింది. తునకలు తునకలుగా పని చేపట్టారు. ముందు ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నొస్సం వైపు, తరువాత బనగానపల్లె వైపు, చివరకు నంద్యాల. ఇలా విడతలుగా సాగే పనిలో ఒక చిక్కు ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేల మీద కట్ట పోసి, పట్టాలు వేయకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే వానలకు కోత పడుతుంది, తుమ్మలు మొలుస్తాయి. మళ్ళీ డబ్బు వచ్చినప్పుడు చేసిన పనే చేయాలి. మార్గం పూర్తయ్యేసరికి ఖర్చు 900 కోట్ల రూపాయలు దాటింది. ఆలస్యం వల్ల పెరిగే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పనక్కరలేదు.

పట్టాలు వచ్చాయి.. బండ్లు ఏవి?

మార్గం ప్రారంభమై ఏళ్ళు గడిచాయి. విద్యుదీకరణ కూడా జరిగింది. నంద్యాల-కడప ప్యాసింజరుతో మొదలైన ప్రయాణంలో తరువాత గుంటూరు-తిరుపతి ఎక్స్‌ప్రెస్ వంటివి చేరాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రజలకు తిరుపతి, గుంటూరు వైపు ప్రయాణం కొంత సులువైన మాట వాస్తవం. కోవెలకుంట్ల, బనగానపల్లె వారికి ఇంకా మేలు జరిగింది. అయితే ఈ మార్గం మీద ఆగే ప్రయాణికుల బండ్లు ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. ప్రొద్దుటూరు వ్యాపారులకు అవసరమైనది రాత్రి ఎక్కి తెల్లవారేసరికి హైదరాబాదులోనో బెంగళూరులోనో దిగే బండి. అటువంటి సౌకర్యం కోసం వారు ప్రైవేటు బస్సుల వైపే చూస్తున్నారు. పండుగ రోజుల్లో ఆ బస్సుల టిక్కెట్టు ధర ఎంతకు పోతుందో అందరికీ తెలిసిందే.

స్టేషను కట్టడం రైల్వే శాఖకు ఒక లక్ష్యం కావచ్చు. ప్రయాణికుడికి లక్ష్యం వేరు. వేళకు బండి, స్టేషను నుంచి ఊళ్ళోకి బస్సు, ఈ రెండూ లేకపోతే పట్టాలు సరుకు బండ్ల కోసం వేసినట్లే భావిస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు డిపోల నుంచి రైళ్ళ వేళలకు తగినట్లు ఆర్టీసీ బస్సులు నడిపితే సగం సమస్య తీరుతుంది. దీనికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు. జిల్లా అధికారులు, రైల్వే అధికారులు ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

ఒక మార్గం, రెండు దారులు

అసలు వివాదం కడప-బెంగళూరు మార్గానిది. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 2008-09లో దీనికి అనుమతి లభించింది. వ్యయంలో సగం రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. కడప నుంచి పెండ్లిమర్రి, రాయచోటి, మదనపల్లెల మీదుగా కర్ణాటకలోని కోలారు ప్రాంతానికి చేరి బెంగళూరుకు కలపాలన్నది ప్రణాళిక. రాయచోటికి ఎన్నడూ రైలు లేదు. మదనపల్లె పేరుతో ఉన్న 'మదనపల్లె రోడ్డు' స్టేషను ఊరికి దూరం. అందువల్ల ఆ ప్రాంత ప్రజలు ఈ మార్గం మీద పెంచుకున్న ఆశ అంతా ఇంతా కాదు.

2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి మరణించారు. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఉమ్మడి రాష్ట్రం రాసిచ్చిన సగం వాటా హామీ, ఆదాయం తగ్గిన కొత్త ఆంధ్రప్రదేశ్ నెత్తిన పడింది. వాటా సొమ్ము రాష్ట్రం సకాలంలో జమ చేయలేదని రైల్వే శాఖ, కేంద్రం చొరవ చూపలేదని రాష్ట్ర నాయకులు చెప్పుకుంటూ వచ్చారు. ఈ వాదులాటలో ఏ పార్టీ ప్రభుత్వానికీ మినహాయింపు లేదు. 2014 తరువాత వచ్చిన ప్రభుత్వమూ, 2019 తరువాత వచ్చిన ప్రభుత్వమూ తమ వాటా విషయంలో చేయి బిగబట్టాయి.

అనంతరం వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వ కాలంలో కొత్త ప్రతిపాదన ముందుకొచ్చింది. పెండ్లిమర్రి తరువాత పాత దారిని విరమించి, ముద్దనూరు నుంచి పులివెందుల మీదుగా ముదిగుబ్బకు కొత్త లైను వేయాలన్నది దాని సారాంశం. ముద్దనూరు ప్రధాన మార్గం మీద ఉంది. ముదిగుబ్బ నుంచి ధర్మవరం మీదుగా బెంగళూరుకు ఎప్పటినుంచో పట్టాలు ఉన్నాయి. మధ్యలో ఉన్న ఖాళీ పూడిస్తే కడప నుంచి బెంగళూరుకు దారి ఏర్పడుతుంది. కొత్తగా వేయవలసిన దూరం తక్కువ, ఖర్చు తక్కువ.

ఈ వాదనలో బలం లేదని కొట్టిపారేయలేం. పులివెందుల చుట్టుపక్కల చీనీ, అరటి తోటలు విస్తారంగా ఉన్నాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు అరటిపండ్ల ప్రత్యేక రైలు బయలుదేరిన సంగతి రైతులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి బండి తోటల దగ్గరికే వస్తే రవాణా ఖర్చులో ఎంత మిగులుతుందో రైతుకు ఒకరు చెప్పాలా? తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం, పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నాయి.

అయితే దారి మార్చిన పద్ధతే అభ్యంతరకరం. పదేళ్ళకు పైగా రాయచోటి, మదనపల్లె ప్రజలకు చూపిన దారిని, వారిని ఒక్క మాటా అడగకుండా పక్కన పెట్టడం ఏ విధంగా సమంజసమవుతుంది? 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి రాయచోటిని అన్నమయ్య జిల్లా కేంద్రంగా ప్రకటించారు. ఒక చేత్తో జిల్లా కేంద్రం హోదా ఇచ్చి, మరో చేత్తో రైలును తప్పించినట్లయింది. సర్వే రాయి పడిన పొలానికి బేరగాడు రాడు. మార్గం వస్తుందో రాదో తేలని ఏళ్ళన్నీ ఆ రైతు అమ్ముకోనూ లేడు, పరిహారం తీసుకోనూ లేడు. మార్గం రద్దయిందన్న మాట కూడా అతడికి ఎవరూ వచ్చి చెప్పరు.

పైగా వేసిన ఇరవై ఒక్క కిలోమీటర్ల సంగతి ఏమిటి? ముద్దనూరు దారే ఖాయమైతే కడప నుంచి బండి పాత ప్రధాన మార్గం మీదే ముద్దనూరుకు పోతుంది. పెండ్లిమర్రి పట్టాలతో దానికి పని లేదు. ప్రజాధనంతో వేసిన లైను ఎటూ పోని లైనుగా మిగిలిపోతుంది. పాత దారే ఖాయమైతే పులివెందుల మళ్ళీ మొదటికి వస్తుంది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత రాయచోటి దారి కోసం డిమాండ్ మళ్ళీ ఊపందుకోవడం సహజం. ఇట్లా ప్రభుత్వం మారినప్పుడల్లా దారి మారుతుంటే అయిదేళ్ళలో సర్వే పూర్తవుతుందే గాని పట్టా పడదు.

పెండ్లిమర్రి నుంచి వేంపల్లె మీదుగా పులివెందులకు, అక్కడినుంచి ముదిగుబ్బకు పోయే దారి ఒకటి పటంలో ఎవరికైనా కనిపిస్తుంది. వేసిన లైను వృథా కాదు, పులివెందులకూ రైలు వస్తుంది. రాయచోటికి మాత్రం అప్పుడూ అన్యాయమే. ఆ దారి లాభమో నష్టమో తేల్చవలసింది ఇంజనీర్లు. ముద్దనూరు దారి, రాయచోటి దారి, వేంపల్లె దారి మూడింటి ఖర్చు, దూరం, సరుకు రవాణా అంచనాలను పక్కపక్కన పెట్టి ప్రజల ముందుంచితే వాదులాటకు తావుండదు. నాయకుడి ఊరు కాబట్టి వచ్చిందనీ, నాయకుడు ఓడిపోయాడు కాబట్టి పోయిందనీ జనం అనుకునే పరిస్థితి తప్పుతుంది.

అదే షెడ్యూలు.. అవే మాటలు

ఈ గోడు ఒక్క కడప జిల్లాదే కాదు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో విశాఖపట్నానికి, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను ఏడాదిలో పరిశీలిస్తామని ఉంది. అదే షెడ్యూలులో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో సెయిల్ పరిశీలిస్తుందనీ ఉంది. రెండు చోట్లా చట్టం వాడిన క్రియ 'పరిశీలించుట'. నిర్మించుట కాదు. ఈ తేడాను అప్పట్లో ఎంతమంది గమనించారో గాని, ఆ నగరాల్లో ఇంతవరకు మెట్రో బండి తిరగలేదు, ఇక్కడ ఉక్కు కరగలేదు. హైదరాబాదులోనూ 2010లో ఒప్పందం కుదిరిన మెట్రో తొలి బండి 2017 నవంబరులో గాని నడవలేదు. పాతబస్తీ వారు ఫలక్‌నుమా లైను కోసం ఆ తరువాత కూడా ఎదురుచూస్తూనే ఉండిపోయారు.

జమ్మలమడుగు ప్రాంతానికి శంకుస్థాపనలు అలవాటైపోయాయి. 2007 జూన్‌లో బ్రహ్మణి స్టీల్స్‌కు, 2018 డిసెంబరులో మైలవరం మండలంలో, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె వద్ద, 2023 ఫిబ్రవరిలో మళ్ళీ అదే సున్నపురాళ్ళపల్లె వద్ద. పదహారేళ్ళలో నాలుగు రాళ్ళు. ఉక్కు కర్మాగారమంటే ఇనుప ఖనిజం, బొగ్గు లోపలికి రావాలి, ఉక్కు బయటకు పోవాలి. వీటిలో ఏదీ లారీల మీద సాగే పని కాదు. పక్కనే ఉన్న రాయలసీమ తాప విద్యుత్ కేంద్రానికి బొగ్గు రైళ్ళలోనే చేరుతోంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల్లోని సిమెంటు ఫ్యాక్టరీలకూ రైలే ఆధారం. కనుక ఉక్కు గురించి మాట్లాడే ప్రతి నాయకుడూ ముందు రైలు గురించి మాట్లాడాలి. వెలికొండల సొరంగం చెప్పిన పాఠమే ఇక్కడా వర్తిస్తుంది. సరుకు ఉంటే రైల్వే శాఖ పరుగెత్తుకుని వస్తుంది. ఫ్యాక్టరీ వస్తే లైను, లైను ఉంటే ఫ్యాక్టరీ అని ఒకరి కోసం మరొకరు ఆగినంతకాలం రెండూ రావు.

ప్రస్తుతానికి తేలవలసినవి రెండే. కడప-బెంగళూరు మార్గంలో రాష్ట్రం తన సగం వాటాకు కట్టుబడి ఉందా లేదా అన్నది ఒకటి. ఉంటే ఏ దారికి అన్నది రెండోది. ఈ రెంటికీ రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాతపూర్వకమైన, మార్పు లేని సమాధానం వెళ్ళేవరకు రైల్వే శాఖ పెండ్లిమర్రి దాటి ఒక్క పట్టా కూడా వేయదు. జిల్లా ప్రజాప్రతినిధులు ఏ పార్టీ వారైనా పార్లమెంటులో అడిగే ప్రశ్నకన్నా ముందు అసెంబ్లీలో ఈ ప్రశ్న అడగవలసి ఉంది.